ఆఫ్రికా దేశాల మీద వచ్చిన పరిశోధన పేపర్లు ఎలా చదవాలి: బుసియా బళ్ల ఉదాహరణతో

‘ఆఫ్రికాలో నులిపురుగుల మాత్రలు వేస్తే పిల్లలు బడికి బాగా వస్తున్నారు’ అని మీ నోట్సులో రాసుకుని ఉంటే, ముందు అందులో ‘ఆఫ్రికా’ అన్న మాట కొట్టేయండి. అది 54 దేశాలున్న ఖండం. ఆ మాట ఉన్నచోట దేశం, జిల్లా, సంవత్సరం రాయండి. ఇక్కడైతే కెన్యా, బుసియా జిల్లా, 1998–99. ఈ మూడూ రాయలేకపోతున్నారంటే మీరు చదివింది పేపర్ కాదు, పేపర్ గురించిన వార్త.

నేను మండలంలో సహాయ గణాంకాధికారిగా చేసి రిటైరైనవాణ్ణి. పంట కోత ప్రయోగాలు, ధరల పట్టికలు, సెన్సస్ డ్యూటీలు, వీటితోనే సర్వీసంతా గడిచిపోయింది. ఇప్పుడు ఎంపీహెచ్ (ప్రజారోగ్యం), బీఈడీ చదివే పిల్లలు కెన్యా పేపరో ఇథియోపియా పేపరో పట్టుకుని మా ఇంటికొస్తుంటారు. ‘సార్, ఈ రిగ్రెషన్ టేబుల్ చూస్తేనే టెన్షన్ వస్తోంది’ అంటారు. టేబుల్ సంగతి తర్వాత చూద్దాం, ముందు లెక్కపెట్టిందెవరో చెప్పండి అంటాను. వాళ్లతో కలిసి నేను చదివే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను.

ఉదాహరణకు బుసియా పేపరే తీసుకుందాం. ఆర్థికవేత్తలు ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రెమర్ నులిపురుగుల మాత్రల మీద రాసిన ఈ పేపర్ 2004లో ‘ఎకనమెట్రికా’ పత్రికలో వచ్చింది. బుసియా కెన్యాకు పడమటి కొసన, ఉగాండా సరిహద్దును ఆనుకుని ఉంటుంది. విక్టోరియా సరస్సు దగ్గరే.

లెక్కపెట్టినవాళ్లను పట్టుకోండి

సారాంశం ఒకసారి చదివి పక్కన పెట్టేయండి. డేటా ఎలా సేకరించారో చెప్పే భాగానికి వెళ్లండి. బుసియాలో హాజరు లెక్క టీచర్ల రిజిస్టర్ నుంచి తీసుకోలేదు. స్వచ్ఛంద సంస్థ మనుషులు చెప్పాపెట్టకుండా బడికి వెళ్లి, ఆ పూట ఎవరున్నారో ఎవరు లేరో చూసి రాసుకున్నారు. మండలంలో పనిచేసిన ఎవరికైనా ఈ ఒక్క వాక్యం చాలు, పేపర్ మీద సగం నమ్మకం కుదురుతుంది. రిజిస్టర్లో పిల్లలు ఎప్పుడూ ఉంటారు, బెంచీ మీద ఉన్నారా లేదా అన్నది వేరే ప్రశ్న.

ఆ తర్వాత ఏం కొలిచారో అన్నీ రాసుకోండి, నచ్చినవే కాదు. మాత్రలు వేసిన బళ్లలో గైర్హాజరు దాదాపు నాలుగో వంతు తగ్గింది. అంటే సుమారు 7 పర్సెంటేజ్ పాయింట్లు, నూటికి ఏడుగురు పిల్లలు ఎక్కువగా బడిలో కనబడ్డారన్నమాట. ‘నాలుగో వంతు’ అంటే పెద్దగా వినిపిస్తుంది, ‘7 పాయింట్లు’ అంటే చిన్నగా వినిపిస్తుంది. రెండూ ఒకటే కాబట్టి నోట్సులో రెండూ రాయండి. పరీక్ష మార్కుల్లో మాత్రం తేడా కనబడలేదు. చెప్పులు వేసుకోండి, చేతులు కడుక్కోండి అని బడిలో చేసిన బోధనతో పిల్లల అలవాట్లేం మారలేదు. ఇవన్నీ అదే పేపర్లో ఉన్నాయి. వార్తల్లోకి మాత్రం హాజరు ఒక్కటే వచ్చింది.

ఎవరికిచ్చారు, ఎవరికివ్వలేదు

75 బళ్లు, ఒక్కో గుంపులో 25 చొప్పున మూడు గుంపులు. మొదటి గుంపుకు 1998 నుంచి, రెండో గుంపుకు 1999 నుంచి, మూడో గుంపుకు 2001 నుంచి మాత్రలిచ్చారు. ఆలస్యంగా అందుకున్న బళ్లే ముందు అందుకున్న బళ్లకు పోలిక.

ఏ బడి ఏ గుంపులో పడాలన్నది ఎవరు తేల్చారు? ఈ ప్రశ్న నాకు ఉద్యోగంలో పట్టుకున్న జబ్బు. దిగుబడి అంచనా కోసం పంట కోతలకు వెళ్తే గట్టు మీద నిలబడి ‘ఇక్కడ పైరు బాగుంది, ఇక్కడే తాడు వేద్దాం’ అనడానికి లేదు. ర్యాండమ్ నంబర్ ఎక్కడ చూపిస్తే అక్కడే వరికి అయిదు మీటర్ల చదరం కొలవాలి, పైరు పడిపోయి ఉన్నా సరే, రైతు మొహం చిట్లించినా సరే. బుసియాలో బళ్లను ప్రాంతాలవారీగా విడదీసి, అక్షర క్రమంలో రాసి, వరసగా ఒకటి, రెండు, మూడు అని పంచారు. అచ్చంగా లాటరీ కాదు. దీన్ని విమర్శకులు ఎత్తిచూపారు. నాకు మాత్రం ఇది పెద్ద లోపంగా తోచదు, బడి పేరులోని మొదటి అక్షరానికీ కడుపులో పురుగులకూ సంబంధం ఉంటుందని అనుకోను. అయినా ‘ర్యాండమ్’ అన్న మాట కనబడగానే అది ఎలా చేశారో చెప్పే వాక్యం వెతకాల్సిందే.

ఇంకో సంగతి. పిల్లల్ని కాకుండా మొత్తం బడినే గుంపులో ఎందుకు వేశారు? ఒకే బడిలో సగం మందికి మాత్రలేస్తే మట్టిలో, నీళ్లలో పడే పురుగుల గుడ్లు తగ్గుతాయి. దాంతో మిగతా సగం మందికీ మేలు జరుగుతుంది. అప్పుడు మాత్ర వేసుకున్న పిల్లాడినీ వేసుకోనివాణ్ణీ పోలిస్తే తేడా తక్కువగా కనబడి, మాత్ర పనిచేయలేదనిపిస్తుంది. అంటువ్యాధుల మీద ఏ పేపర్ చదివినా ఈ పాయింటు అడగండి.

వదిలేసినవాళ్లెవరో కూడా చూడండి. పదమూడేళ్లు దాటిన ఆడపిల్లలకు, గర్భంతో ఉంటే ప్రమాదమేమోనన్న జాగ్రత్తతో, మాత్రలివ్వకూడదన్నది అప్పటి నియమం. ఫలితాన్ని ‘బడి పిల్లలందరికీ’ అని రాయబోయే ముందు ఇది గుర్తుండాలి.

మన ఊరికి తెచ్చే ముందు

మా ఇంటికొచ్చే పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మనకూ ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం ఉంది, మన బళ్లలోనూ ఆల్బెండజోల్ అనే నులిపురుగుల మాత్ర వేస్తున్నారు, కాబట్టి ఇక్కడా హాజరు 7 పాయింట్లు పెరగాలి అని రాసేస్తారు. ఆగండి. ప్రాజెక్టు మొదట్లో బుసియాలో పరీక్ష చేసిన పిల్లల్లో నూటికి 92 మందికి ఏదో ఒక రకం పురుగు ఉంది. పైగా అది ఎల్ నీన్యో వానలు ముంచెత్తిన కాలం. మీ మండలంలో ఎంతమందికుందో తెలియకుండా ఆ 7ని ఇక్కడికి మోసుకురావడం కుదరదు.

మాత్ర కూడా ఒకటి కాదు. ఆల్బెండజోల్‌తోపాటు, షిస్టోసోమియాసిస్ ఎక్కువగా ఉన్న బళ్లలో ప్రాజిక్వాంటెల్ కూడా ఇచ్చారు. ఆ జబ్బు నీళ్లలో ఉండే నత్తల ద్వారా వస్తుంది. సరస్సు దగ్గరి బళ్లలో అది ఎక్కువ. మన దగ్గర ఆ వ్యాధి దాదాపు లేనట్టే, ఆ మాత్రా మన బళ్లలో ఇవ్వరు. అంటే అక్కడ రెండు మందులు కలిసి చేసిన పనిని ఇక్కడ ఒక్క మందు నుంచి ఆశిస్తున్నామన్నమాట.

తిరగదోడినవాళ్లు ఏమన్నారు

పేపర్ పేరు పక్కన ‘రెప్లికేషన్’ (అంటే మళ్లీ లెక్కకట్టి సరిచూడడం) అని టైపు చేసి వెతకండి. 2015లో లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ పరిశోధకులు ఈ పేపర్ అసలు డేటానే తీసుకుని మళ్లీ లెక్క కట్టారు. చుట్టుపక్కల ఏ దూరంలో ఎన్ని బళ్లున్నాయో లెక్కించే కంప్యూటర్ కోడ్‌లో తప్పు బయటపడింది. అది సరిచేశాక, మాత్రలు వేసిన బళ్లకు 3 నుంచి 6 కిలోమీటర్ల దూరంలోని బళ్లకూ మేలు జరిగిందన్న పేపర్ వాదన నిలవలేదు. మాత్రలు వేసిన బళ్లలో హాజరు పెరగడం మాత్రం ఆ లెక్కలోనూ కనబడింది. వైద్య ప్రయోగాలను బేరీజు వేసే కోక్రేన్ అనే సంస్థ నుంచి అదే ఏడాది వచ్చిన సమీక్ష, అనేక దేశాల ప్రయోగాలను కలిపి చూసి, సామూహికంగా మాత్రలు వేస్తే సగటున పోషణలో గానీ చదువులో గానీ పెద్ద మేలు లేదంది. పేపర్ని సమర్థించేవాళ్లూ విమర్శించేవాళ్లూ నెలల తరబడి వాదించుకున్నారు. ఆ తర్వాత 2019లో క్రెమర్‌కు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోలతో కలిపి ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. 2021లో, బుసియా పిల్లలు పెద్దయ్యాక వాళ్ల గంట సంపాదన దాదాపు 13 శాతం ఎక్కువగా ఉందని మరో పేపర్ వచ్చింది.

నన్నడిగితే, నోబెల్ వచ్చిందని కోడ్‌లో తప్పు ఒప్పయిపోదు, కోడ్‌లో తప్పు దొరికిందని పేపర్ మొత్తం చెత్తబుట్టలోకీ పోదు. డేటా అందరికీ ఇచ్చారు కాబట్టే తప్పు దొరికింది. డేటా ఇవ్వని పేపర్ని నేనైతే ఇంకాస్త అనుమానంగా చదువుతాను.

ఆరోగ్య కార్యకర్తల శిక్షణ మీద పేపర్లయితే

ఎన్నాళ్లు నేర్పారు, జీతమిచ్చారా, ఎంతమంది జనానికి ఒకరు అన్నవి చూడండి. ఇథియోపియా 2003లో మొదలుపెట్టిన హెల్త్ ఎక్స్‌టెన్షన్ కార్యక్రమంలో పదో తరగతి పూర్తిచేసిన మహిళలకు ఏడాది శిక్షణ ఇచ్చి, జీతం మీద, సుమారు అయిదు వేల జనాభా ఉండే కెబెలేకు (అక్కడి అతి చిన్న పాలనా విభాగం) ఇద్దరి చొప్పున వేశారు. వాళ్లను ‘ఇథియోపియా ఆశా వర్కర్లు’ అని రాసేస్తున్నారు చాలామంది. మన ఆశాలు ప్రధానంగా ప్రోత్సాహకాల మీద పనిచేస్తారు, శిక్షణ కూడా రోజుల లెక్కన విడతలవారీగా ఉంటుంది. పోలిక పెట్టండి గానీ, ఈ తేడా అదే వాక్యంలో చెప్పండి.

ఎక్కడ వెతకాలి

అమెరికా, లండన్ పేపర్లతో ఆగిపోకండి. దక్షిణాఫ్రికా నుంచి నడిచే ‘ఆఫ్రికన్ జర్నల్స్ ఆన్‌లైన్’లో ఆయా దేశాల పత్రికలు దొరుకుతాయి. నైరోబీలోని ఏపీహెచ్ఆర్‌సీ అనే పరిశోధన సంస్థ అక్కడి కోరొగోచో, వివాండాని మురికివాడల కుటుంబాలను ఏళ్ల తరబడి వెంటాడి లెక్కలు రాసింది. చదువు మీదైతే కెన్యా, టాంజానియా, ఉగాండాలలో జరిగిన ‘ఉవెజో’ సర్వే చూడండి. ఇంటింటికీ వెళ్లి పిల్లలతో చదివించి చూసే ఆ పద్ధతి మన దేశంలోని ‘అసర్’ సర్వే నుంచి వెళ్లిందే, కాబట్టి మీకు కొత్తగా ఉండదు.

ఆరోగ్యం మీదైతే డీహెచ్ఎస్ (జనాభా, ఆరోగ్య సర్వే) రిపోర్టులు. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్ఎఫ్‌హెచ్ఎస్) ఆ కుటుంబానికి చెందిందే, ప్రశ్నలు చాలావరకు కలుస్తాయి. టీకాల టేబుల్ చూసేటప్పుడు కార్డు చూసి రాసినవెన్ని, తల్లి చెబితే రాసినవెన్ని అన్న వరుసలు విడిగా ఉంటాయి, రెండూ చూడండి. రిపోర్టు చివర ప్రశ్నపత్రం ఉంటుంది, టేబుళ్లకంటే ముందు అది చదివితే పని సులువవుతుంది. డీహెచ్ఎస్ మ్యాపులో చుక్క పడిన ఊరే సర్వే జరిగిన ఊరనుకోవద్దు. ఇళ్లవాళ్ల గోప్యత కోసం ఆ చుక్కను కావాలనే జరుపుతారు, పట్నాల్లో రెండు కిలోమీటర్ల దాకా, పల్లెల్లో మామూలుగా అయిదు దాకా.