నాన్న వీలునామా మీద అనుమానం ఉంటే ఏం చేయాలి

పెద్దకర్మ భోజనాలు అయ్యీ అవ్వకముందే అన్నయ్య ఓ కాగితం తీసి "నాన్న ఇల్లూ పొలమూ నా పేరనే రాశాడు" అంటే ఎవరికైనా కాళ్ల కింద భూమి కదులుతుంది. ఆ రోజు ఒక్కటే గుర్తుపెట్టుకోండి, దేని మీదా సంతకం పెట్టకండి. "ఊరికే, మ్యుటేషన్ కోసమే" అని, అంటే రికార్డుల్లో పేరు మార్చడానికేనని చెప్పి, ఆడపిల్లల చేత హక్కు విడుదల దస్తావేజు (తమ వాటా వదులుకుంటున్నామనే కాగితం) మీద సంతకాలు పెట్టించుకోవడం నేను కళ్లారా చూశాను.

తర్వాత కాపీ సంపాదించండి. రిజిస్టరైన వీలునామా అయితే రాసినవారు పోయాక ఎవరైనా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోవచ్చు. రిజిస్టర్ చేయకపోయినా వీలునామా చెల్లుతుంది, అలాగే రిజిస్టరైనంత మాత్రాన అది నిజమని తేలిపోదు. ఈ రెండో ముక్క తెలియక ఆఫీసు ముద్ర చూడగానే చేతులెత్తేసేవాళ్లు ఎంతమందో.

ఆస్తి ఎవరిదో చూడండి. హిందూ కుటుంబంలో పిత్రార్జితమైతే నాన్న తన వాటా వరకే రాయగలడు, మీ వాటా ఆయన రాసిచ్చేది కాదు. స్వార్జితమైతే మాత్రం ఎవరికైనా రాయొచ్చు, "నాకు అన్యాయం చేశాడు" అన్న ఒక్క మాటతో కేసు నిలబడదు.

నిలబడేది, అది ఎలా రాశారన్న ప్రశ్న మీద. 1925 భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలి, రాసినవారు సంతకం చేయడం వాళ్లు చూసి ఉండాలి లేదా "ఇది నా సంతకమే" అని ఆయన నోటితో విని ఉండాలి, ఆయన ఎదుటే తామూ సంతకం చేయాలి. బతికి ఉండి, కోర్టుకు రాగల స్థితిలో ఉంటే వాళ్లలో ఒక్కరైనా వచ్చి చెప్పాలి. అందుకే సాక్షులెవరో ముందు తెలుసుకోండి, అసలు కేసు అక్కడే ఉంటుంది.

మా మేనత్త తరఫున నేను తిరిగిన కేసులో తాతయ్యది వేలిముద్ర. వేలిముద్ర చెల్లదని కాదు, కానీ ఆయన పోయే నెల ముందు దాకా బ్యాంకు విత్‌డ్రాయల్ స్లిప్పుల మీద పూర్తి పేరుతో సంతకం పెట్టారు. సాక్షిని "ఆయన ఎక్కడ కూర్చున్నారు?" అని అడిగితే "వరండాలో మంచం మీద" అన్నాడు, ఆ తేదీన ఆసుపత్రి కేస్ షీట్‌లో సెలైన్ ఎక్కించిన టైముతో సహా ఉంది. కేస్ షీట్ వెంటనే అడగండి, ఆసుపత్రులు 3 ఏళ్లు దాచాలన్నది నియమం, ఆ తర్వాత దొరుకుతుందన్న నమ్మకం లేదు.

కాగితాన్ని కూడా వెలుతురులో పెట్టి చూడండి. ఖాళీ కాగితం మీద ముందే సంతకం తీసుకుని తర్వాత రాస్తే, సంతకం దగ్గరికి వచ్చేసరికి పంక్తులు ఇరుక్కుపోతాయి. ఆస్తి దక్కినవాడే దగ్గరుండి రాయించడం, భార్యాపిల్లల పేరు కూడా ఎత్తకపోవడం, ఏళ్ల తర్వాత వీలునామా బయటపడటం, ఇవన్నీ అనుమానాస్పద పరిస్థితులే. ఆ అనుమానం తీర్చాల్సిన బాధ్యత వీలునామా తెచ్చినవాడిదేనని వెంకటాచల అయ్యంగార్ కేసు నుంచీ సుప్రీంకోర్టు చెబుతూనే ఉంది.

ఇక దావా. మన రెండు రాష్ట్రాల్లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) తప్పనిసరి కాదు, అందుకని ఎక్కువగా భాగ పంపకం దావా వేసి, అవతలివాళ్లు వీలునామా చూపిస్తే రుజువు చేసుకోమంటారు. మోసం, బలవంతం అని మీరు రాస్తే మాత్రం అది మీరే నిరూపించాలి, కోపంలో ఆ మాటలు గుప్పించకండి. దావాతో పాటే ఆస్తి అమ్మకుండా ఇంజంక్షన్ అడగండి. వీలునామా చెల్లదని కోర్టు డిక్లరేషన్ (ప్రకటన) కావాలంటే గడువు 3 ఏళ్లే కాబట్టి "మాట్లాడుకుందాం" అంటూ ఏళ్లు గడిపేయొద్దు.

లాయరు ఫీజు టెన్షన్ ఉంటే, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది, 15100కి ఫోన్ చేయండి. రాజీకి అందరూ ఒప్పుకుంటే లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు, దాని మీద అప్పీలు ఉండదు, కోర్టు ఫీజు కూడా వెనక్కొస్తుంది.

అమెరికాలో ఉన్నవాళ్లకు ఒక మాట. అక్కడ లివింగ్ ట్రస్టు (బతికుండగానే ఆస్తిని వారసుల కోసం ట్రస్టులో పెట్టే ఏర్పాటు) రాసుకున్నారు కదా అని గుంటూరులో స్థలం దానికదే ట్రస్టులోకి వెళ్లిపోదు. ఇక్కడి స్థిరాస్తి వారసత్వానికి ఇక్కడి చట్టమే, ట్రస్టులో పెట్టాలన్నా ఇక్కడ రిజిస్టరైన దస్తావేజు కావాలి, లేదా ఇక్కడి ఆస్తి వరకు విడిగా ఒక వీలునామా రాయండి. సాక్షులుగా మీకన్నా వయసులో చిన్నవాళ్లను, ఆస్తిలో వాటా లేనివాళ్లను పెట్టుకోండి.