పాత నాణెం ఫోటోకి ఫ్లాష్ వద్దు, పక్కనుంచి లైట్ చాలు

మా తాతయ్య డబ్బాలో హైదరాబాద్ చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటి వెండి రూపాయి ఒకటి దొరికింది, దానిమీద చార్మినార్ ఉంటుంది కదా, ఆ మధ్య ద్వారంలో ఉర్దూలో ఉస్మాన్ పేరు మొదటి అక్షరం ‘ఐన్’ చిన్నగా చెక్కి ఉంటుంది, అది ఫోటోలో పడేలా తీయడానికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది. ఫ్లాష్ వేస్తే తెల్లగా మెరిసిపోయి ఏమీ కనపడదు. చివరికి పనిచేసింది ఏంటంటే, గదిలో లైట్లన్నీ ఆపేసి టేబుల్ లాంప్‌ని నాణెం పక్కనే బాగా కిందికి పెట్టడం, వెలుతురు అడ్డంగా పాకుతూ వస్తే ప్రతి గీతకీ నీడ పడి అక్షరాలు లేచి నిలబడతాయి. మెరుపు ఇంకా ఎక్కువుంటే లాంప్ ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టండి. ఫోన్ మరీ దగ్గరకి తీసుకెళ్ళకండి, దాని నీడే పడుతుంది, ఒక జానెడు పైన పెట్టి 2ఎక్స్ జూమ్ చేసి టైమర్ పెట్టి వదిలేయండి. అన్నట్టు, ఫోటో కోసమని చింతపండుతో తోమకండి బాబూ, పాత నాణేలకి ఆ నలుపే అందం, తోమితే కొనేవాళ్ళు కూడా ధర తగ్గిస్తారు.

సీతాకోకచిలుకల ఫోటోలకైతే హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కుకి పొద్దున్నే వెళ్ళండి, ఒళ్ళు వెచ్చబడేదాకా రెక్కలు చాపి ఎండలో కూర్చుంటాయి. మీ నీడ మాత్రం వాటిమీద పడనివ్వకండి, తుర్రుమంటాయి.