ఆంపా, ఎన్‌ఎండీఏ గ్రాహకాల ప్రవాహాలను విడదీసి కొలిచే విధానం

మెదడులో ఉత్తేజక సంకేతాలను అధికభాగం మోసే రసాయనం గ్లుటమేట్. ఒక సినాప్స్ (రెండు నాడీకణాలు కలిసే చోటు) వద్ద విడుదలైన గ్లుటమేట్ ఎదుటి నాడీకణంపై ఉన్న ఆంపా, ఎన్‌ఎండీఏ గ్రాహకాలు రెండింటికీ ఒకేసారి అందుతుంది. ఆంపా గ్రాహకం వెంటనే తెరుచుకుని కొన్ని మిల్లీసెకన్లలోనే మూసుకుంటుంది. వేగవంతమైన సంకేత ప్రసారం దాని పని. ఎన్‌ఎండీఏ గ్రాహకం తెరుచుకోవాలంటే గ్లుటమేట్‌తోపాటు గ్లైసిన్ గాని డి-సెరీన్ గాని కూడా అంటుకోవాలి. అంతేకాక దాని రంధ్రంలో ఇరుక్కుని ఉన్న మెగ్నీషియం అయాన్, కణత్వచపు వోల్టేజి పెరిగినప్పుడు తొలగిపోవాలి. ఆ దారిన లోపలికి వచ్చే కాల్షియమే అనేక సినాప్సులు బలపడటానికి నాంది. 1984లో వెల్లడైన ఈ మెగ్నీషియం అడ్డుపైనే ఇక్కడ చెప్పే కొలత ఆధారపడి ఉంది. ఎలుక మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలోని సీఏ1 ప్రాంతపు కణాన్ని ఉదాహరణగా తీసుకుంటున్నాను. కణానికి గాజు పిపెట్ అతికించి విద్యుత్ ప్రవాహాలను కొలిచే ప్యాచ్ క్లాంప్‌తో ఇప్పటికే పరిచయం ఉన్నవారికి ఇది ఉద్దేశించినది.

సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి పొందిన తరువాతే పని మొదలుపెట్టాలి. మెదడును సుమారు 300 మైక్రాన్ల మందం గల ముక్కలుగా కోసేటప్పుడు, తెగిన కణాలనుంచి పొంగే గ్లుటమేటే పక్క కణాలను చంపగలదు. అందువల్ల కోతకు వాడే చల్లని ద్రావణంలో సోడియం స్థానంలో సుక్రోజ్ కలిపి, కాల్షియం తగ్గించి, మెగ్నీషియం పెంచుతారు. ముక్కలు కనీసం గంటసేపు కోలుకున్నాక, 2.5 మిల్లీమోలార్ కాల్షియం, 1.3 మిల్లీమోలార్ మెగ్నీషియం ఉన్న ద్రావణంలోకి మార్చి, 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఎడతెగకుండా పంపాలి. నిరోధక రసాయనమైన గాబా వల్ల వచ్చే ప్రవాహాలు కలవకుండా, వాటిని అడ్డుకునే పిక్రోటాక్సిన్ 100 మైక్రోమోలార్ చేర్చాలి. నిరోధక సంకేతాలు పోయిన ముక్కలో సీఏ1కి సంకేతాలు పంపే పక్క ప్రాంతమైన సీఏ3లోని కణాలు మూకుమ్మడిగా పేలడం (విద్యుత్ సంకేతాలు వెలువరించడం) మొదలుపెడతాయి కనుక, సీఏ3కీ సీఏ1కీ మధ్య చిన్న కోత పెట్టడం తప్పనిసరి.

పిపెట్‌లో పొటాషియం బదులు సీజియం మీథేన్‌సల్ఫొనేట్ నింపి, క్యూఎక్స్-314 కూడా కలపాలి. ధన వోల్టేజి వద్ద తెరుచుకునే పొటాషియం నాళాలను సీజియం మూసివేస్తుంది. క్యూఎక్స్-314 సోడియం నాళాలను ఆపి కణం పేలకుండా చూస్తుంది. కణంలోకి దారి ఏర్పడిన తరువాత, సీజియం దూరపు శాఖలదాకా వ్యాపించడానికి పది నిమిషాలు ఆగాలి. తొందరపడితే ఆ తరువాతి కొలతలన్నీ అనుమానాస్పదమవుతాయి.

ఇప్పుడు కణాన్ని మైనస్ 70 మిల్లీవోల్టుల వద్ద నిలిపి, సీఏ3నుంచి సీఏ1కి వచ్చే షాఫర్ తంతువులను పది సెకన్లకొకసారి ప్రేరేపించాలి. ఈ వోల్టేజి వద్ద మెగ్నీషియం కదలదు కనుక తెరపై కిందికి గుచ్చుకున్నట్టు కనిపించే పదునైన శిఖరం దాదాపు పూర్తిగా ఆంపాదే. తరువాత వోల్టేజిని ఒక్కసారిగా కాక మెల్లగా ప్లస్ 40కి పెంచి, ఆధార రేఖ కుదురుకునేదాకా ఆగాలి. అక్కడ ప్రవాహం పైకి తిరుగుతుంది: మొదట ఆంపా గూని, దాని వెనుక వందలాది మిల్లీసెకన్లపాటు నెమ్మదిగా దిగే ఎన్‌ఎండీఏ తోక. ప్రేరణ ఇచ్చిన 50 మిల్లీసెకన్ల తరువాత ఆంపా దాదాపు అంతరించి ఉంటుంది కనుక, ఆ క్షణపు ఎత్తును ఎన్‌ఎండీఏ ప్రవాహంగా తీసుకోవడం వాడుకలో ఉన్న సులువు మార్గం.

నాకు దీనికన్నా తీసివేత పద్ధతిపైనే నమ్మకం ఎక్కువ. ప్లస్ 40 వద్ద మిశ్రమ ప్రవాహాన్ని నమోదు చేసి, ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అడ్డుకునే డి-ఏపీ5ను 50 మైక్రోమోలార్ పంపితే మిగిలేది ఆంపా. మొదటి సగటునుంచి దీన్ని తీసేస్తే ఎన్‌ఎండీఏ వస్తుంది. మందు పూర్తిగా పనిచేసేదాకా కణం నిలకడగా ఉండాలి, ఒక్కో ముక్కలో ఒక్క కణమే దక్కుతుంది. అయినా ఆ శ్రమ వృథా కాదు. అయితే జీలూఏ2 ఉపభాగం లేని ఆంపా గ్రాహకాలు ధన వోల్టేజి వద్ద, కణం లోపల ఉండే స్పెర్మిన్ అనే అణువు వల్ల మూసుకుపోతాయి కనుక, అవి ఉన్నాయన్న అనుమానం ఉంటే ఆంపాను మైనస్ 70 వద్దే కొలవాలి.

ప్రయోగం పొడవునా శ్రేణి నిరోధాన్ని (పిపెట్‌కూ కణానికీ మధ్య ఉండే విద్యుత్ నిరోధం) గమనిస్తూ, అది 20 శాతానికి మించి మారిన కణాన్ని వదిలేయాలి. అది పెరిగినప్పుడు వేగవంతమైన ఆంపా శిఖరం ఎక్కువగా కుంగి, నెమ్మదైన ఎన్‌ఎండీఏ అంతగా మారదు. ఫలితంగా ఆంపా ప్రవాహాన్ని ఎన్‌ఎండీఏ ప్రవాహంతో భాగిస్తే వచ్చే నిష్పత్తి తప్పుగా తగ్గుతుంది.

నిష్పత్తి పెరిగిందంటే ఆంపా పెరిగిందని వెంటనే తేల్చకూడదు, ఎన్‌ఎండీఏ తగ్గినా అదే అంకె వస్తుంది. సోడియం నాళాలను ఆపే టెట్రోడోటాక్సిన్ సమక్షంలో, గ్లుటమేట్ తనంతట తాను కొద్దికొద్దిగా విడుదలైనప్పుడు వచ్చే సూక్ష్మ ప్రవాహాల పరిమాణాన్ని కొలిస్తే ఆంపా వైపు మార్పు తెలుస్తుంది. ఎన్‌ఎండీఏ తోక మునుపటికన్నా నెమ్మదిగా దిగుతుంటే జీలూఎన్2బి ఉపభాగం వాటా పెరిగి ఉండవచ్చు. ఆ ఉపభాగం ఉన్న గ్రాహకాలను అడ్డుకునే ఐఫెన్‌ప్రొడిల్ (3 మైక్రోమోలార్) ఆ తోకను ఎంత తగ్గిస్తుందో చూడాలి. మైనస్ 70 వద్ద ఏమీ కనిపించక ప్లస్ 40 వద్ద మాత్రమే స్పందించే సినాప్సులు, ముఖ్యంగా పసి ఎలుకల్లో, ఎదురవుతాయి. ఆంపా గ్రాహకాలు లేని ఈ నిశ్శబ్ద సినాప్సులను 1995లో గుర్తించారు కనుక, వాటిని విఫల ప్రయోగాలుగా లెక్కగట్టి పక్కన పెట్టకుండా విడిగా నమోదు చేయాలి.