పోర్ట్ లూయీలో ఫుడ్ టూర్‌కి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

మారిషస్ వెళ్లేవాళ్లు బీచ్‌లతో పాటు రాజధాని పోర్ట్ లూయీలో గైడ్‌తో ఫుడ్ టూర్ కూడా పెట్టుకోవచ్చు, తప్పకుండా పెట్టుకోండి. రిసార్ట్ బఫేలో కనిపించని అసలు తిండి సెంట్రల్ మార్కెట్ చుట్టుపక్కలా, చైనాటౌన్ వీధుల్లోనే ఉంటుంది. కాకపోతే ఈ టూర్‌లో ఏం తినాలో మనం ఎంచుకోం, గైడ్ తెచ్చి చేతిలో పెడతాడు. పదిమందిలో వద్దనలేక మొహమాటానికి తినేస్తే ఆ రాత్రి అవస్థ మనదే. అందుకే చెప్పాల్సినవన్నీ బుక్ చేసేటప్పుడే రాసి పంపండి, టూర్ మొదలయ్యే ముందు మళ్లీ ఒకసారి నోటితో చెప్పండి.

శాకాహారులు ‘వెజిటేరియన్’ అని ఒక్క ముక్కతో సరిపెట్టొద్దు. మాంసం, చేప, రొయ్య, గుడ్డు, వీటిలో ఏది తినరో విడివిడిగా చెప్పాలి. మిన్ ఫ్రి అనే వేయించిన నూడుల్స్‌లో మాంసం లేకపోయినా ఆయిస్టర్ సాసో, ఫిష్ సాసో పడుతుంది. సీమ వంకాయతో చేసే బులెట్ ఉండలు కూరగాయలవే అనిపిస్తాయి గానీ చాలాచోట్ల లోపల రొయ్యలో, చికెనో కలుపుతారు. పైగా రకరకాల ఉండల్ని పక్కపక్కనే ఉడికించి ఒకే సూపు పోస్తారు. బీఫ్ తిననివాళ్లు బిర్యానీ, హలీం దగ్గర అడగకుండా చెయ్యి పెట్టొద్దు. అక్కడ ఈ రెండూ బీఫ్‌తో వండడం మామూలే.

అక్కడి హిందువులు శివరాత్రికి, కావడి పండక్కి మాంసాహారం మానేసి నిష్ఠగా ఉంటారు. దాన్ని అక్కడి క్రియోల్ భాషలో కరెమ్ అంటారు. “మో పే ఫేర్ కరెమ్” (నేను కరెమ్‌లో ఉన్నాను) అంటే కొట్టువాడికి పట్టింపు అర్థమవుతుంది. చెరుకు తోటల పనికి వెళ్లిన మన తెలుగువాళ్ల వారసులు అక్కడ ఉన్నారు. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు, సింహాద్రి అప్పన్న పూజ నేటికీ చేస్తారు. అయినా ఇంట్లో మాట్లాడేది ఎక్కువగా క్రియోలే. గైడ్ పేరు మన పేరులా ఉందని తెలుగులో చెప్పి ఊరుకోకండి.

ధాల్ పూరీ తినకుండా మాత్రం రావద్దు. బెల్లం లేని బొబ్బట్టులా పల్చగా ఉంటుంది. గుడ్డ కప్పిన దొంతరలోంచి రెండు తీసి, బీన్స్ కూర, రూగాయ్ అనే టమాటా కూర రాసి, పైన పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు. పూరీతో, కూరతో పెద్దగా భయం లేదు. చూసుకోవాల్సింది పచ్చి కొత్తిమీర పచ్చడి, కోసిపెట్టిన పండ్లు, ఐసు. కడుపు చెడేది ఎక్కువగా వండని వాటితోనే. డబ్బులు తీసుకున్న చేత్తోనే చుడుతున్నారా అన్నదీ గమనించండి. జనం బాగా ఆగే కొట్టులో సరుకు నిలవ ఉండదు కాబట్టి క్యూ ఉందని చిరాకు పడకండి. మజావరూ అనే మిరపకాయ ముద్దను గుంటూరు కారం తిన్న ధీమాతో ఒకేసారి వేయించుకోవద్దు. కారం వద్దనుకుంటే “సాన్ పిమాన్” అనండి.

చేపల విషయం కాస్త గట్టిగా చెప్పాలి. ఉష్ణమండల సముద్రాల్లో పగడపు దిబ్బల దగ్గర తిరిగే కొన్ని పెద్ద చేపల్లో సిగ్వటెరా అనే జబ్బు తెచ్చే విషం చేరుతుంది. వండినా, ఫ్రీజర్లో పెట్టినా అది పోదు. ట్యూనా లాంటివి చల్లగా ఉంచకపోతే అలర్జీ లాంటి లక్షణాలు తెచ్చే హిస్టమిన్ పుడుతుంది, అదీ వంటతో పోదు. కాబట్టి ఎండలో మూత లేకుండా పెట్టిన విందాయ్ (ఆవాలు, పసుపు, వెనిగర్‌తో ఊరబెట్టిన చేప) జోలికి వెళ్లొద్దు. తిన్నాక పెదాలు తిమ్మిరెక్కినా, చల్లటిది తాకితే కాలినట్టు అనిపించినా, ఒళ్లంతా ఎర్రబడి గుండె దడదడలాడినా హోటల్‌కి వెళ్లి పడుకోకండి, ఆస్పత్రికి వెళ్లండి. ప్రభుత్వ అంబులెన్స్ నంబరు 114. నగరంలోనే జీతూ ఆస్పత్రి ఉంది.

వేరుశనగ అలర్జీ ఉన్నవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. అక్కడ వేరుశనగల్ని ‘పిస్తాష్’ అంటారు. మన పిస్తా అనుకుని నోట్లో వేసుకోవద్దు. అలర్జీ మందు బ్యాగులో కాదు, జేబులోనే ఉండాలి.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే షుగర్ మాత్రల సంగతి ముందే డాక్టర్‌తో మాట్లాడండి. టూర్‌లో భోజనం ఒక్కసారి కాకుండా కొద్దికొద్దిగా గంటల తరబడి సాగుతుంది. మాత్ర వేసుకుని మొదటి కొట్టు చేరేలోపు షుగర్ పడిపోవచ్చు, చివర్లో అలూదా, చెరుకు రసంతో ఒక్కసారిగా పెరగనూవచ్చు. అలూదా సబ్జా గింజలు వేసిన తీపి పాలు, ఒకే గ్లాసు తీసుకుని ఇద్దరు పంచుకుంటే సరిపోతుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా పోర్ట్ లూయీలో ఉక్కపోత ఎక్కువ. పొద్దున టూరే ఎంచుకోండి, సీసా నీళ్లు దగ్గర పెట్టుకోండి, కాళ్లకి బూట్లు వేసుకోండి, దోమల క్రీము రాసుకోండి.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం కూడా. అక్కడ హెచ్చరికలు 1 నుంచి 4 దాకా తరగతులుగా ఇస్తారు. 3 వచ్చిందంటే బయట తిరగకూడదు. తుపాను హెచ్చరిక వస్తే డబ్బు వాపసు ఇస్తారా, తేదీ మారుస్తారా అన్నది కట్టకముందే తేల్చుకోండి, అప్పుడు డబ్బు పోతుందన్న టెన్షన్‌తో వానలో బయలుదేరాల్సిన పని ఉండదు. తుపాను లేకపోయినా కుండపోత చాలు. 2013 మార్చి 30న పోర్ట్ లూయీలో ఆకస్మిక వరదకు 11 మంది చనిపోయారు. వాళ్లలో కొందరు కోడాన్ వాటర్‌ఫ్రంట్ దగ్గరి పాదచారుల సబ్‌వేలో నీళ్లలో చిక్కుకుపోయినవాళ్లు. 2024 జనవరిలో బెలాల్ తుపానుకీ ఇవే వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. వాన పెద్దదైతే సబ్‌వేలోకి దిగకుండా, కాలవ గట్టు పక్కన నిలబడకుండా, దగ్గర్లోని భవనంలో పై అంతస్తుకి ఎక్కండి. గైడ్ ఇంకో రెండు కొట్లే మిగిలాయని అన్నా సరే.