“అయామ్ డిఫికల్ట్ టు కమ్”: యాడ్జెక్టివ్ తర్వాత ‘టు’ దగ్గర వచ్చే సమస్యలు, పరిష్కారాలు

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల నుంచి ఋషికొండ ఐటీ ఆఫీసుల దాకా, విశాఖలో ఇంగ్లీష్‌తో పని పడని రోజు చాలామందికి ఉండదు. గ్రామర్ బాగానే చదువుకున్నవాళ్లు కూడా ఒకచోట తడబడుతుంటారు. ఈజీ, హ్యాపీ, డిఫికల్ట్, రెడీ లాంటి యాడ్జెక్టివ్ పక్కన ‘టు’ పెట్టి వెర్బ్ తగిలించే చోట. తప్పులు రకరకాలుగా కనిపిస్తాయి గానీ చాలావాటికి మూలం ఒక్కటే: ఆ యాడ్జెక్టివ్ మనిషి గురించి చెబుతోందా, పని గురించి చెబుతోందా అన్నది తేల్చుకోకుండానే నోరు తెరిచేయడం.

సమస్య: “అయామ్ డిఫికల్ట్ టు కమ్ టుమారో”

మీ ఇల్లు గాజువాకలో. మధురవాడలోని కంపెనీ వాళ్లు ఫోన్ చేసి రేపు పొద్దున్నే ఇంటర్వ్యూకి రమ్మన్నారు. “రేపు రావడం నాకు కష్టమండీ” అని మనసులో అనుకుని పై వాక్యం అనేస్తారు. అవతలివాళ్లకు విషయం అర్థమవుతుంది, కానీ వాక్యం చెవికి గుచ్చుకుంటుంది.

కారణం ‘నాకు’. తెలుగులో కష్టం, తేలిక, వీలు, కుదరడం అన్నీ ‘నాకు’తోనే నడుస్తాయి. టెన్షన్‌లో ఆ ‘నాకు’ కాస్తా ‘ఐ’ అయిపోతుంది. నిజానికి కష్టం మీరు కాదు, రావడం. ఇంగ్లీష్‌లో ఆ పని తరఫున ముందు ‘ఇట్’ వచ్చి నిలబడుతుంది. ‘నాకు’ అన్నది ‘ఫర్ మీ’గా మధ్యలోకి వెళుతుంది. పని చివర్లో వస్తుంది: “ఇట్ ఈజ్ డిఫికల్ట్ ఫర్ మీ టు కమ్ టుమారో.”

అలాగని “అయామ్ డిఫికల్ట్ టు” అనే మొదలు ఇంగ్లీష్‌లో అసలు లేదనుకోకండి. “అయామ్ డిఫికల్ట్ టు రీచ్ ఆఫ్టర్ టెన్” అంటే పది దాటాక నన్ను ఫోన్లో పట్టుకోవడం ఇతరులకు కష్టమని. పట్టుకునేది వేరేవాళ్లు, దొరకనిది నేను. మీ వాక్యం విన్నవాళ్లు కూడా ఎవరో మిమ్మల్ని ఏదో చేయడం గురించి వినబోతున్నామనుకుంటారు. ‘కమ్’ దగ్గరికి వచ్చేసరికి అది దొరకదు.

పాజిబుల్, కన్వీనియంట్, నెసెసరీ, ఇంపార్టెంట్‌లకూ ఇదే మందు. “ఇఫ్ యూ ఆర్ కన్వీనియంట్ టు కమ్” అని మనవాళ్లు రోజూ అంటారు. “ఇఫ్ ఇట్ ఈజ్ కన్వీనియంట్ ఫర్ యూ టు కమ్” అనాలి. “అయామ్ పాజిబుల్ టు జాయిన్ ఆన్ మండే” అనే బదులు హాయిగా “ఐ కెన్ జాయిన్ ఆన్ మండే” అనేయండి. చిన్న వాక్యం దొరికినప్పుడు పెద్దదాని జోలికి పోనక్కర్లేదు.

సమస్య: “కైలాసగిరి ఈజ్ ఈజీ టు రీచ్ ఇట్”

చివర్లో ‘ఇట్’ ఎక్కువైంది. చేరాల్సిన చోటు కైలాసగిరి అని వాక్యం మొదట్లోనే చెప్పేశారు. ‘రీచ్’ చేసేది దాన్నే కాబట్టి మళ్లీ చెప్పకూడదు. “కైలాసగిరి ఈజ్ ఈజీ టు రీచ్.” అంతే. ఇదే మాట ‘ఇట్’తో మొదలుపెడితే మాత్రం ఆ చోటు పేరు వెనక్కి వెళుతుంది: “ఇట్ ఈజ్ ఈజీ టు రీచ్ కైలాసగిరి.” రెండూ సరైనవే. రెండింటినీ కలిపితేనే చిక్కు.

ఇందులోనే దీనికి ఎదురు తప్పు ఒకటుంది. ఉండాల్సిన చిన్న మాటను వదిలేయడం. ఆర్కే బీచ్‌లో లోపలికి దిగుతున్న టూరిస్టును మీరు ఆపాలి. “ద సీ హియర్ ఈజ్ డేంజరస్ టు స్విమ్” అంటే అతనికి తెలుస్తుంది గానీ వాక్యం పూర్తి కాలేదు. ఈదేది సముద్రాన్ని కాదు, సముద్రంలో. ఆ ‘లో’ కోసం చివర ‘ఇన్’ ఉండి తీరాలి: “ద సీ హియర్ ఈజ్ డేంజరస్ టు స్విమ్ ఇన్.” అలాగే “హి ఈజ్ ఈజీ టు టాక్ టు.” వాక్యాన్ని ‘టు’తోనో ‘ఇన్’తోనో ముగించకూడదని ఎక్కడో విని చాలామంది భయపడతారు. ఇక్కడ ఆ భయం అక్కర్లేదు.

సమస్య: పని ఎవరిదో తెలియడం లేదు

ఇది మాట్లాడేటప్పుడు కాదు, వినేటప్పుడు, చదివేటప్పుడు వచ్చే ఇబ్బంది. “జాన్ ఈజ్ ఈగర్ టు ప్లీజ్”, “జాన్ ఈజ్ ఈజీ టు ప్లీజ్” చూడటానికి కవలల్లా ఉంటాయి. మొదటిదాంట్లో జాన్ ఎదుటివాళ్లను మెప్పించాలని ఉబలాటపడుతున్నాడు. రెండోదాంట్లో జాన్‌ను మెప్పించడం ఇతరులకు తేలిక. భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1960లలో ఈ జంటను చూపించే, వాక్యం పైకి కనిపించే రూపం ఒకటే అయినా లోపలి సంబంధాలు వేరుగా ఉండొచ్చని వాదించాడు.

గుర్తుపట్టడం ఎలా? హ్యాపీ, గ్లాడ్, ఈగర్, విల్లింగ్, అఫ్రెయిడ్, ప్రౌడ్ లాంటివి మనసులోని మాటలు. అవి వస్తే పని చేసేది వాక్యం మొదట్లో ఉన్న మనిషే. ఈజీ, హార్డ్, టఫ్, డేంజరస్, ఇంపాజిబుల్ లాంటివి పని స్వభావం చెప్పే మాటలు. అవి వస్తే మొదట్లో ఉన్నది పని చేసేది కాదు, పనికి లోనయ్యేది. ‘రెడీ’ రెండు వైపులా పోతుంది. “ద ఫిష్ ఈజ్ రెడీ టు ఈట్” అని ఫిషింగ్ హార్బర్ దగ్గర హోటల్లో అంటే కూర సిద్ధమైందని. ఇంట్లో అక్వేరియం ముందు నిలబడి అంటే చేప ఆకలిగా ఉందని. సందర్భాన్ని బట్టే తేల్చుకోవాలి.

సమస్య: ‘ఆఫ్ యూ’నా, ‘ఫర్ యూ’నా?

బస్సులో సీటిచ్చిన అబ్బాయితో “ఇట్ ఈజ్ వెరీ కైండ్ ఫర్ యూ” అన్నారు. పరీక్ష సులువు: “యూ ఆర్ కైండ్” అని విడిగా అనగలరా? అనగలరు. దయ అతని గుణం. అప్పుడు ‘ఆఫ్’: “ఇట్ ఈజ్ కైండ్ ఆఫ్ యూ టు గివ్ మీ యువర్ సీట్.” నైస్, స్టుపిడ్, కేర్‌లెస్, జెనరస్ ఈ కోవలోవే. అదే “యూ ఆర్ నెసెసరీ” అనడం మీ ఉద్దేశం కాదు కదా. అలాంటిచోట ‘ఫర్’.

సమస్య: “ద టీ ఈజ్ వెరీ హాట్ టు డ్రింక్”

‘వెరీ’ అంటే చాలా, అంతే. దానివల్ల పని ఆగిపోతుందని అది చెప్పదు. ఆ మాట చెప్పేది ‘టూ’: “ద టీ ఈజ్ టూ హాట్ టు డ్రింక్.” ఇక్కడ కూడా చివర్లో ‘ఇట్’ పెట్టకండి.

దీనికి మన దగ్గర చక్కటి కొలత ఉంది. తెలుగులో ‘తాగలేనంత వేడి’ అనగలిగితే ఇంగ్లీష్‌లో ‘టూ...టు’. ‘ఓటేసేంత వయసు’ అన్నట్టుగా సరిపోతుందని చెప్పాల్సి వస్తే ‘ఇనఫ్’. అది యాడ్జెక్టివ్‌కు ముందు కాదు, వెనక కూర్చుంటుంది: “షి ఈజ్ ఓల్డ్ ఇనఫ్ టు వోట్.” ‘ఇనఫ్ ఓల్డ్’ అనకూడదు. “టూ గుడ్” అని మెచ్చుకునే అలవాటు మనకు బాగా ఉంది. స్నేహితుల మధ్య ఫరవాలేదు గానీ, ఆఫీసు మెయిల్‌లో “యువర్ రిపోర్ట్ ఈజ్ టూ లాంగ్” అని రాస్తే మెచ్చుకున్నట్టు కాదు, కుదించమన్నట్టు.

సమస్య: ‘టు’ అతకని చోట ‘టు’

“అయామ్ బిజీ టు టాక్” అంటే మాట్లాడలేనంత పనిలో ఉన్నానని మీ ఉద్దేశం. అందుకు “టూ బిజీ టు టాక్” అనాలి. ‘టు’ తీసేసి “బిజీ టాకింగ్” అంటే అర్థం పూర్తిగా తిరగబడి, మాట్లాడటంలోనే మునిగి ఉన్నానని అవుతుంది.

కొన్ని యాడ్జెక్టివ్‌లు ‘టు’ వెర్బ్‌ను ఒప్పుకోనే ఒప్పుకోవు. వీటికి సూత్రం వెతక్కుండా జంటగా గుర్తుపెట్టుకోవడమే దారి: కేపబుల్ ఆఫ్ డూయింగ్, గుడ్ ఎట్ డ్రాయింగ్. ఆర్కే బీచ్‌లో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కుర్సురా జలాంతర్గామి గురించి చుట్టాలకు చెప్పాలంటే “వర్త్ టు సీ” కాదు, “వర్త్ సీయింగ్”. “అయామ్ యూజ్డ్ టు వేకింగ్ అప్ ఎర్లీ”లో ‘టు’ కనిపిస్తుంది గానీ అది ‘ఇన్’, ‘ఎట్’ లాంటిది, అందుకే దాని వెనక ఐఎన్‌జీ వచ్చింది.

సమస్య: “ఐ వాజ్ హ్యాపీ టు మెట్ యూ”

జరిగిపోయిన సంగతి కాబట్టి వెర్బ్‌ను కూడా గతంలోకి మార్చారు. కాలాన్ని ‘వాజ్’ మోస్తోంది, ‘టు’ తర్వాత స్కూల్లో వీ1 అని నేర్పిన రూపమే ఉండాలి: “హ్యాపీ టు మీట్ యూ.” వద్దని చెప్పాలంటే ‘నాట్’ను ‘టు’కు ముందు పెట్టండి: “బీ కేర్‌ఫుల్ నాట్ టు స్లిప్.”

సమస్య: “హి ఈజ్ ష్యూర్ టు విన్” అంటే ధీమా ఎవరిది?

మాట్లాడేవాళ్లది. అతను గెలుస్తాడని నాకు నమ్మకం, అతనికి ఉందో లేదో ఈ వాక్యం చెప్పదు. గెలుస్తానని అతనే ధీమాగా ఉంటే “హి ఈజ్ ష్యూర్ ఆఫ్ విన్నింగ్”. ఇంటర్వ్యూలో మీ గురించి మీరు చెప్పుకునేటప్పుడు ఈ రెండూ కాకుండా “అయామ్ కాన్ఫిడెంట్ దట్ ఐ కెన్ డూ దిస్ జాబ్” అంటే సరిపోతుంది.