ఇంటి రక్షణకు తుపాకీ ఎంచుకోవడం ఎలా? బెంగళూరు వాళ్లకు

2016 సెప్టెంబరులో కావేరి గొడవలప్పుడు బెంగళూరులో బస్సులు తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు. అలాంటి రోజున తుపాకీ గురించి ఆలోచించడం మొదలుపెడితే లాభం లేదు. లైసెన్సుకే నెలలు పడుతుంది. ఊరు ప్రశాంతంగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి.

ముందు లైసెన్సు. ఫారం ఎ-1 నింపి పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు పెట్టాలి. ‘ప్రాణభయం ఉంది’ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. బెదిరింపులు వచ్చి ఉంటే ఫిర్యాదు నకలు, రోజూ నగదు మోసే వ్యాపారమైతే దాని కాగితాలు జతచేయండి. వైద్య ధ్రువపత్రం, తుపాకీ వాడకంలో శిక్షణ పత్రం కూడా కావాలి. 2019లో ఆయుధాల చట్టం సవరించాక ఒకరికి రెండు తుపాకులే, లైసెన్సు 5 ఏళ్లకు. అందులో ‘కర్ణాటక’ అని మాత్రమే ఉంటే, సంక్రాంతికి చిత్తూరు వెళ్తూ కారులో పెట్టుకుని పోవడం నేరం.

తర్వాత రకం. 9 ఎం.ఎం. పిస్టల్ నిషిద్ధ బోరు, అంటే మామూలు జనానికి లైసెన్సు ఇవ్వని కొలత. దాన్ని మరిచిపోండి. .315 రైఫిల్ గుండు తలుపును దాటి పక్కింటి దాకా పోతుంది, అపార్ట్‌మెంట్‌లో దాని మాటే వద్దు. 12 బోర్ డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల పొడుగు తుపాకీ) ఆనేకల్ వైపు తోటలో ఉండేవాళ్లకు మంచిదే కానీ, ఫ్లాట్ నడవాలో అంత పొడుగు తుపాకీని తిప్పలేరు. ఫ్లాట్‌కు .32 రివాల్వరే. .32 పిస్టల్‌లో తూటా పేలకపోతే స్లైడు (పైన జరిగే భాగం) వెనక్కి లాగి దాన్ని బయటపడేయాలి, వణికే చేతులతో అది సాగదు. రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే సిలిండర్ (తూటాల గదులుండే గుండ్రటి భాగం) తిరిగి తర్వాతి గది ముందుకొస్తుంది. పిస్టల్ అందం చూసి కొన్నవాళ్లు సాధన మానేశాక దాన్ని పెట్టెలోంచి బయటికే తీయరు.

దుకాణంలో కొనేముందు సిలిండర్ తెరిచి ఖాళీ అని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. యజమానిని అడిగి డమ్మీ తూటాలు వేసి, సురక్షితమైన దిక్కుకు పెట్టి, సుత్తిని ముందుగా లాగకుండా పదిసార్లు ట్రిగ్గర్ నొక్కండి. ముందు సైటు (బ్యారెల్ కొసన గురి చూసే ముక్క) పక్కకు జరుగుతుంటే ఆ ట్రిగ్గర్ మీ చేతికి బరువు, వేరేది చూడండి. ట్రిగ్గర్ నొక్కి పట్టుకుని సిలిండర్‌ను కదపండి. పాత రివాల్వర్‌లో అది బాగా ఊగితే కొనొద్దు. గది బ్యారెల్‌కు సూటిగా నిలవకపోతే గుండు అంచుకు కొట్టుకుని సీసం రవ్వలు పక్కకు ఎగురుతాయి.

అసలు ప్రమాదం తూటాల దగ్గరుంది. ఇక్కడ తొందరపడొద్దు. రివాల్వర్ మీదా .32 అనే ఉంటుంది, పిస్టల్ మీదా .32 అనే ఉంటుంది. రెండూ ఒకటి కావు. రివాల్వర్‌ది 7.65×23 మి.మీ., పిస్టల్‌ది 7.65×17 మి.మీ. ‘ముప్పై రెండు ఇవ్వండి’ అని అడగకండి. తుపాకీ పేరు చెప్పి, పెట్టె మీద అచ్చు చదివి తీసుకోండి.

తాతగారి 12 బోర్ వారసత్వంగా వచ్చినవాళ్లకు ఇంకో గండం. పాత తుపాకుల చాంబర్ (తూటా కూర్చునే చోటు) చాలావాటికి 65 మి.మీ., ఇప్పుడు దొరికే తూటాల్లో 70వి ఉంటాయి. 70ది 65లో హాయిగా దూరుతుంది, మోసం అక్కడే. ఆ 70 అన్నది పేలి మూతి విచ్చుకున్నాక ఉండే పొడవు. పేలినప్పుడు మూతి విచ్చుకోవడానికి చోటు చాలక దారి ఇరుకై, లోపల ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. బ్యారెల్ మీద అడుగున కొట్టిన ముద్రలో పొడవు చూడండి, కనపడకపోతే తుపాకీ మేస్త్రీతో కొలిపించండి. బ్యారెల్ మీద చాప అల్లికలాంటి గీతలుంటే అది నల్ల తుపాకిమందు కాలంది. దాంట్లో కొత్త తూటా పెట్టనే వద్దు.

దాచడానికి గోడకు బోల్టులు బిగించిన ఇనుప పెట్టె కావాలి. బీరువా చాలదు, దాని తాళంచెవి ఎక్కడుంటుందో పిల్లలకూ తెలుసు. తూటాలు వేరే తాళంలో. తాళంచెవులు లైసెన్సుదారు దగ్గరే ఉండాలి.

అల్లర్లప్పుడు తుపాకీ పట్టుకుని గేటు దగ్గరికి పోకండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163 (పాత 144 సెక్షన్) కింద నిషేధ ఉత్తర్వు ఉంటే ఆయుధంతో బయటికి రావడమే కేసు అవుతుంది. గ్రిల్లు మూసి, లైట్లు ఆర్పి, 112కు ఫోన్ చేసి, అందరూ లోపలి గదికి చేరండి. తుపాకీ ఆ గది తలుపు విరిగినప్పటి సంగతి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది, అవసరానికి మించి హాని చేస్తే ఆ రక్షణ ఉండదు. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చకూడదు.

ఎన్నికల కోడ్ వచ్చాక తుపాకీ స్టేషన్‌లో అప్పగించమంటే, నంబరు రాసిన రసీదు తీసుకోండి. తిరిగి తెచ్చుకునే రోజు అక్కడే ఆ నంబరు సరిచూసుకుని, బ్యారెల్‌లో తుప్పు పట్టిందేమో వెలుతురుకు పెట్టి చూశాకే సంతకం పెట్టండి.