లెక్కకూ క్రోనోగ్రాఫ్‌కూ పొంతన కుదరనప్పుడు: రీలోడింగ్ సాఫ్ట్‌వేర్ సమస్యలు, పరిష్కారాలు

రీలోడింగ్ అంటే పేలిన తూటా కేసులో (ఇత్తడి గొట్టంలో) కొత్త ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న మూత), పౌడర్ (మందు), బుల్లెట్ అమర్చి మళ్లీ తూటా తయారుచేయడం. అది చేసేవారు వాడే బాలిస్టిక్స్ సాఫ్ట్‌వేర్ రెండు రకాలు. క్విక్‌లోడ్, గోర్డన్స్ రీలోడింగ్ టూల్ వంటివి పౌడర్ అంటుకున్న క్షణం నుంచి బుల్లెట్ బ్యారెల్ దాటేవరకు పీడనాన్నీ వేగాన్నీ అంచనా వేస్తాయి. రెండో రకం, బ్యారెల్ దాటిన బుల్లెట్ ఏ దూరంలో ఎంత కిందికి దిగుతుందో లెక్కగడుతుంది. తేడా కనిపించినప్పుడు అది ఏ దశకు చెందినదో ముందుగా తేల్చుకోవాలి. మొదటి దశలోని తప్పును రెండో దశలో సర్దబోతే రెండు లెక్కలూ చెడిపోతాయి. లెక్క తప్పినప్పుడు సరిచేయవలసింది సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చిన వివరాలనే గాని, లెక్కను అందుకోవడానికి పౌడర్‌ను పెంచకూడదు. పౌడర్, బుల్లెట్ తయారీదారులు పరీక్షించి ప్రచురించిన గరిష్ఠ పరిమాణమే హద్దు. తెర మీద పీడనం ఎంత తక్కువగా కనిపించినా ఆ హద్దు కదలదు.

సమస్య: క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగాన్ని కొలిచే యంత్రం) చూపే వేగం అంచనాకు చాలా ఎక్కువగానో తక్కువగానో ఉంది

నా అభిప్రాయంలో దీనికి అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం కేసు లోపలి ఘనపరిమాణం. సాఫ్ట్‌వేర్ ప్రతి క్యాలిబర్‌కూ ఒక సాధారణ విలువను ముందే నింపి ఉంచుతుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. నిజానికి తయారీదారును బట్టి ఇత్తడి మందం మారుతుంది. సైనిక అవసరాలకు చేసిన కేసుల గోడలు సాధారణంగా మందంగా ఉండి, లోపల చోటు తగ్గుతుంది. చోటు తగ్గితే అదే పౌడర్‌కు పీడనమూ, దానితో వేగమూ పెరుగుతాయి.

దీనికి పరిష్కారం స్వయంగా కొలవడమే. మీ రైఫిల్‌లోనే పేలి, ఇంకా రీసైజ్ చేయని (అచ్చులో నొక్కి మొదటి కొలతకు తేని) కేసును తీసుకోండి. వాడిన ప్రైమర్‌ను తీయకుండా ఉంచితే అడుగునుంచి నీరు కారదు. ఖాళీ కేసును తూచి, అంచువరకు నీరు నింపి, గోడలకు పట్టుకున్న బుడగలను తట్టి వదిలించి, నీటి ఉపరితలం ఉబ్బకుండా, గుంటపడకుండా సమతలంగా ఉన్నప్పుడు మళ్లీ తూచండి. రెండు తూకాల తేడాయే గ్రెయిన్‌ల (చిన్న బరువు కొలమానం) నీటిలో కేసు పరిమాణం. ఒకే లాట్‌కు (ఒకే విడతలో తయారైన సరుకుకు) చెందిన అయిదారు కేసులను ఇలా కొలిచి సగటును నమోదు చేస్తే, చాలా సందర్భాల్లో తేడాలో పెద్దభాగం అక్కడే తీరిపోతుంది.

తర్వాత చూడవలసింది బ్యారెల్ పొడవు. సాఫ్ట్‌వేర్ అడిగేది మూసిన బోల్ట్ (బ్యారెల్ వెనుక భాగాన్ని మూసే కడ్డీ) ముఖం నుంచి మజిల్ (బ్యారెల్ ముందు కొన) వరకు ఉన్న దూరం. రైఫిల్‌లో తూటా లేదని రూఢి చేసుకుని, బోల్ట్ మూసి, చదునైన కొన ఉన్న క్లీనింగ్ రాడ్‌ను మజిల్ నుంచి దించి, గుర్తు పెట్టి కొలవాలి. మజిల్ బ్రేక్ (వెనుదన్నును తగ్గించడానికి మజిల్‌కు బిగించే పరికరం) పొడవును ఇందులో కలపకూడదు. బుల్లెట్ పొడవునూ కాలిపర్‌తో కొలవండి, ఎందుకంటే ఒకే బరువున్నా పూర్తి రాగితో చేసిన బుల్లెట్ సీసపు గర్భమున్న దానికంటే పొడవుగా ఉంటుంది. తూటా మొత్తం పొడవు అంతే ఉంచితే ఆ బుల్లెట్ కేసులోకి లోతుగా దిగి పౌడర్‌కు చోటు తగ్గిస్తుంది. పౌడర్ ఉష్ణోగ్రత సాధారణంగా 21 డిగ్రీల సెల్సియస్‌గా నమోదై ఉంటుంది. మండే ఎండలో కాల్చినా, చలిలో కాల్చినా దాన్ని మార్చక తప్పదు.

క్రోనోగ్రాఫ్‌ను కూడా అనుమానించాలి. కాంతితో పనిచేసే పాతరకం యంత్రం వెలుతురు మారితే తడబడుతుంది. అది మజిల్‌కు కొన్ని అడుగుల ముందు ఉంటుంది గనుక అక్కడి వేగం మజిల్ వేగం కన్నా కొంచెం తక్కువ. డాప్లర్ రాడార్ యంత్రాలకు వెలుతురు బెడద లేదు.

ఇవన్నీ సరిచేశాక కూడా తేడా మిగిలితే, అది పౌడర్ లాట్‌ది కావచ్చు. అప్పుడు మాత్రమే మండే వేగాన్ని సూచించే గుణకాన్ని స్వల్పంగా మార్చాలి, అదీ ఒక్క లోడ్ ఆధారంగా కాక, ప్రచురిత పరిధిలోని మూడు నాలుగు వేర్వేరు పరిమాణాల వేగాలు సరిపోయేలా. వేగం కలిసినంత మాత్రాన పీడనం కూడా కలిసిందని రుజువు కాదు, ఎందుకంటే మనం కొలిచింది వేగాన్నే.

సమస్య: తెర మీద పీడనం హద్దులోనే ఉంది, కాని బోల్ట్ బిగుసుకుంటోంది

ఇక్కడ సాఫ్ట్‌వేర్ మాట వినకూడదు. బోల్ట్ ఎత్తడం కష్టమవడం, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసును బయటికి నెట్టే భాగం) ముద్ర పడడం, ప్రైమర్ చదునుగా అణగిపోవడం, ప్రైమర్ గుంట వదులవడం కనిపిస్తే కాల్చడం వెంటనే ఆపాలి. ఈ గుర్తులు ముందస్తు హెచ్చరికలు కావు, తరచుగా పీడనం హద్దు దాటిన తర్వాతే కనిపిస్తాయి. కాబట్టి ఇవి లేవన్న ధైర్యంతో పైకి వెళ్లడం కూడా తప్పే. వేగం అంచనాను మించిపోవడం వీటికన్నా ముందుగా అందే సమాచారం, దాన్ని మంచి బ్యారెల్ దక్కిన అదృష్టంగా భావించవద్దు.

కారణాలను ఈ వరుసలో వెతకండి: బుల్లెట్ రైఫ్లింగ్‌ను (బ్యారెల్ లోపలి మెలికల గాళ్లను) తాకుతూ కూర్చుందా, కేసు మెడ పొడవు పెరిగి ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) బుల్లెట్‌ను నొక్కుతోందా, తూటాలు ఎండలోనో వేడెక్కిన ఛాంబర్‌లోనో ఎక్కువసేపు ఉన్నాయా, త్రాసు సరిగా తూచిందా. బుల్లెట్ రైఫ్లింగ్‌ను తాకితే కదలిక మొదలయ్యే పీడనం పెరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఆ విలువ మారకపోతే లెక్కలో ఆ పెరుగుదల కనిపించదు. మిగిలిన తూటాలను పుల్లర్‌తో విడదీసి ప్రతి ఒక్కదానిలోని పౌడర్‌ను తూచాలి. డబ్బాలో ఉన్నది ఏ పౌడరో సందేహం కలిగితే ఆ పౌడర్‌ను ఇక వాడకూడదు, దాన్ని లెక్కతో గుర్తుపట్టే దారి లేదు.

ఇంకొక పొరపాటు ప్రమాణాలను కలగలపడం. .308 విన్‌చెస్టర్ తూటాకు, ప్రమాణాలు నిర్ణయించే అమెరికా సంస్థ సామీ పీడనపు హద్దు 62,000 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు), అలాంటిదే అయిన ఐరోపాలోని సి.ఐ.పి. హద్దు 4,150 బార్, అంటే సుమారు 60,190 పి.ఎస్.ఐ. రెండు సంస్థల కొలిచే పద్ధతులు వేరు గనుక, ఆ రెండు అంకెల మధ్య తేడాను అదనపు వెసులుబాటుగా లెక్కించకూడదు.

హద్దుకు దిగువన కూడా ప్రమాదం ఉంది. నెమ్మదిగా మండే పౌడర్‌ను ప్రచురిత కనిష్ఠం కన్నా బాగా తగ్గించి వేస్తే సాఫ్ట్‌వేర్ ప్రశాంతమైన పీడనాన్నే చూపవచ్చు, కాని అలాంటి లోడ్‌లలో పౌడర్ సక్రమంగా అంటుకోకపోవడం, అనూహ్యంగా పీడనం ఎగబాకడం జరగవచ్చు.

సమస్య: సాఫ్ట్‌వేర్ మంచిదన్న లోడ్‌లో వేగాలు చెల్లాచెదురుగా ఉన్నాయి

సాధారణంగా ఇది నమూనా చిన్నదవడం వల్ల కలిగే భ్రమ. అయిదు తూటాలతో లెక్కించిన ప్రామాణిక విచలనం (వేగాలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) 10 అని వస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగేది అసలు విలువ 6 నుంచి 29 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని మాత్రమే. ఇరవై తూటాలు కాలిస్తే ఆ పరిధి దాదాపు 8 నుంచి 15కు కుదించుకుపోతుంది. అయిదేసి తూటాలతో రెండు లోడ్‌లను పోల్చి ఒకదాన్ని గెలిపించడం ఎంత బలహీనమైన నిర్ణయమో దీన్నిబట్టి తెలుస్తుంది.

సమస్య: మజిల్ వేగం సరిగ్గా ఉంది, దూరంలో మాత్రం గుండు లెక్క ప్రకారం పడడం లేదు

బుల్లెట్ పెట్టె మీది బాలిస్టిక్ గుణకం (గాలి నిరోధాన్ని బుల్లెట్ ఎంత బాగా తట్టుకుంటుందో చెప్పే అంకె) జి1 నమూనాదా, జి7 నమూనాదా (ఇవి పోలికకు తీసుకునే రెండు ప్రామాణిక బుల్లెట్ ఆకారాలు) చూడండి. ఒకదాని అంకెను మరొకదాని గడిలో పెడితే ఫలితం దారుణంగా తప్పుతుంది. వాతావరణ సమాచారంలో వచ్చే పీడనం సముద్రమట్టానికి సరిదిద్దినది. సాఫ్ట్‌వేర్ ఆ చోటి అసలు పీడనం అడుగుతుంటే దాన్నే ఇవ్వాలి, ఎందుకంటే 1,500 మీటర్ల ఎత్తున అది సుమారు 845 హెక్టోపాస్కల్‌లే. స్కోప్ మధ్యరేఖకూ బ్యారెల్ మధ్యరేఖకూ ఉన్న ఎత్తును కూడా ఊహించకుండా కొలవాలి.

చాలామంది ఈ దశలో మజిల్ వేగాన్ని అటూ ఇటూ జరిపి లెక్కను బలవంతంగా కలుపుతారు. దానికి ముందు స్కోప్‌ను పరీక్షించండి. సరిగ్గా 100 మీటర్ల దూరంలో నిలువు గీత ఉన్న ఎత్తైన లక్ష్యాన్ని పెట్టి, స్కోప్‌ను 10 మిల్‌లు (ఒక మిల్ అంటే 100 మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్లకు సమానమైన కోణం) తిప్పితే బుల్లెట్లు సరిగ్గా ఒక మీటరు పైకి వెళ్లాలి. 98 సెంటీమీటర్లే వెళితే స్కోప్ 2 శాతం తక్కువగా తిరుగుతోందని అర్థం, ఆ సవరణను సాఫ్ట్‌వేర్‌లోని స్కోప్ గడిలో ఇవ్వాలి. వేగాన్ని మార్చి ఈ లోపాన్ని కప్పితే ఒక దూరంలో లెక్క కలిసి, మరో దూరంలో చెడుతుంది.

సమస్య: నిన్నటిదాకా కుదిరిన లెక్క కొత్త డబ్బా తెరవగానే తప్పింది

పౌడర్ లాట్ మారితే మండే వేగం కొంత మారుతుంది. పాత గుణకాన్ని కొత్త లాట్‌కు వాడవద్దు. లోడ్‌ను ప్రచురిత ప్రారంభ పరిమాణానికి దించి, మళ్లీ మెట్లమెట్లుగా పైకి వస్తూ వేగాలు కొలిచి, లాట్ సంఖ్యనూ ఆనాటి ఉష్ణోగ్రతనూ పేరులో రాసి వేరే ఫైల్‌గా భద్రపరచుకోండి. ప్రైమర్ బ్రాండ్, బుల్లెట్ లేదా కేసు లాట్ మారినప్పుడూ ఇదే పద్ధతి.